పెంటయ్య బండికి కొత్త బాకాలు

ఫ్యూజు మళ్లీ పోయింది. పోయేటప్పుడు టప్పుమని చప్పుడైనా చేసి పోతే మనిషికి కాస్త తృప్తిగా ఉండేది, అదీ లేదు, చెప్పాపెట్టకుండా పోయింది. పెంటయ్య తన చిన్న లారీ, క్యామ్యోనెట్, ముందు సీటు మీద వెల్లకిలా పడుకుని, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి, కాళ్లు తలుపులోంచి రోడ్డు మీదికి చాపి, ముందు ఆ ఫ్యూజును, తరవాత దాన్ని చేసినవాణ్ణి, ఆ పైన తనను తాను వరసగా తిట్టుకున్నాడు. పొద్దున ఎనిమిది దాటి ఐదు నిమిషాలు. తొమ్మిదికి అమ్మోరి ఊరేగింపు కదలాలి. లెస్కాలియే ఊళ్లో, తాతల నాడు చెరకు పనికి ఓడెక్కి ఈ దీవికొచ్చిన తెలుగువాళ్ల ఇళ్లన్నిటినుంచీ ఆడవాళ్లు పసుపు నీళ్ల ఘటాలు ఎత్తుకుని, వేపాకులు గుచ్చుకుని, ఒక్కొక్కరే వచ్చి మందిరం ముందు చేరుతున్నారు. వచ్చినవాళ్లకు కనిపించేది బండిలోంచి వేలాడుతున్న ఆ రెండు కాళ్లే. అందుకని అందరూ కాళ్లనే పలకరిస్తున్నారు. "ఏటి పెంటయ్యా, అయిందా?" అని ఒకరు, "అయో, ఇంకా అవలేదా?" అని ఇంకొకరు. కాళ్లు ఏం చెబుతాయి? మొదట్లో ఒకరిద్దరికి లోపలినుంచి జవాబిచ్చాడు, తరవాత బొటనవేలు కదిపి ఊరుకున్నాడు.

తప్పు తనదే, అది తనకు తెలుసు, అందుకే ఒళ్లు మరీ మండుతోంది. చక్కెర మిల్లులో ఇరవై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నవాడు, మోటారు చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పగలవాడు, చేయకూడని తప్పు చేశాడు. క్యామ్యోనెట్ ఇంగ్లీషు బండి, పందొమ్మిదేళ్ల నాటిది, ఎస్టేటువాళ్లు ఇక పనికిరాదని వదిలేస్తే తను తెచ్చి ప్రాణం పోశాడు. పాత ఇంగ్లీషు బండిలో బ్యాటరీ ప్లస్సు వైరును బండి ఇనుముకే బిగిస్తారు. బండి నెత్తిన కట్టిన కొత్త బాకా స్పీకర్లతో పాటు వచ్చిన ఆంప్లిఫయరు పెట్టె మాత్రం ఒక ఫ్రెంచి బండిలోనిది, దానికి మైనస్సు ఇనుముకు తగలాలి. ఫ్రెంచివాడూ ఇంగ్లీషువాడూ ఒకడి తరవాత ఒకడు ఈ దీవిని ఏలారు, చెరకు ఎలా నాటించాలో, మనిషి చేత ఎంత పని చేయించాలో అన్నిటిలోనూ ఒక్క మాట మీద ఉన్నారు, వైరు ఎటు కట్టాలన్న దగ్గర మాత్రం కలవలేకపోయారు. ఆ సంగతి మరిచిపోయి పెట్టెను నాలుగు మరలు పెట్టి సరాసరి బండి ఇనుముకు బిగించేశాడు. మొదటి ఫ్యూజు అలా పోయింది. తరవాత మరలు తీసి, పెట్టె కింద సైకిలు ట్యూబు ముక్కలు వేసి, తాడుతో కట్టాడు. అయినా ఏదో మూల ఇనుము ఇనుముకు తగులుతూనే ఉంది, రెండోదీ పోయింది. ఇప్పుడు మూడోది. ఇక ఫ్యూజుల్లేవు. సిగరెట్టు ప్యాకెట్లో వెండి కాగితం చింపి సన్నగా చుట్టి పెట్టాలి. మిల్లులో ఎవరైనా ఆ పని చేస్తే తనే చెవి మెలిపెట్టేవాడు.

వెండి కాగితం చుట్టడం మొదలుపెట్టాడు. ఇదంతా తను నోరు జారినందుకు. ఎన్నికలు అయిన వారానికి మందిరంలో కమిటీ కూర్చుంది. బళ్లో తెలుగు చెప్పే జగన్నాథం మాస్టారు కమిటీ సెక్రటరీ, మాట మెత్తగానే ఉంటుంది కానీ మెత్తగానే దిగుతుంది. "వచ్చే ఏడు దేశం మనదవుతోంది, రేడియోలో రోజూ చెబుతున్నారు. మన అమ్మోరి పాట చీనా దుకాణం దాకా కూడా వినబడకపోతే ఎట్టా? పోయినేడు వెనకున్నవాళ్లకి ఒక్క ముక్క చెవిన పడలేదు. ముత్యాలమ్మక్క పెద్దామె అయింది. నా బళ్లో చదివే కామిని ఉంది, గొంతుంది, పాటలన్నీ రాసుకుంది. ఈ ఏడు తను ఎత్తుకుంటే..." అక్కడిదాకా విన్నాడు, ఇక ఆగలేకపోయాడు. ముత్యాలమ్మ తన అక్క. ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లో అమ్మోరి పాట ఎత్తుకునేది ఆమె. ఆమె ఒక ముక్క ఎత్తుకుంటే, వెనక అందరూ అదే ముక్క అందుకుంటారు, అలా మందిరం నుంచి అమ్మోరి కోవెల దాకా రెండు మైళ్లు నడుస్తారు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ చోటు అడుగుతారని తెలుసు, కానీ ఇంత మెత్తగా, అక్క ఆడవాళ్ల వైపు కూర్చుని పసుపు బియ్యం ఏరుతుండగా అడుగుతారనుకోలేదు. లేచి నిలబడి, "అక్క గొంతుకేం కాలేదు మాస్టారూ, ఆ స్పీకరే పాడు. కొత్తవి నేను పెడతాను. చీనా దుకాణం కాదు, మిల్లు గేటు దాకా వినపడకపోతే అప్పుడు అడగండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క తల ఎత్తలేదు, బియ్యంలో రాయి ఏదో దొరికినట్టుంది, తీసి పక్కన పడేసింది.

అబద్ధమేం చెప్పలేదు. స్పీకరు పాడే. అది ఒక పాత రేడియోలోంచి తీసిన అట్ట స్పీకరు, చెక్కపెట్టెలో పెట్టి బండి నెత్తిన కట్టేవాడు. మూడు చోట్ల చిరిగితే కాగితం ముక్కలు గంజితో అంటించాడు. వాన చినుకు పడితే ఆ అతుకులు నాని, అక్క పాటతో పాటు అదీ గరగరలాడేది. మూడేళ్లుగా ఆ గరగర ఎక్కువైంది. ఎక్కువైందా? అవును, గంజి ఊడింది, అట్ట పాతబడింది, ఇంకేముంటుంది? కొత్త బాకాలు అలా కాదు, ఇనుము, నోళ్లు చేటంత వెడల్పు. ఎన్నికల్లో ఊరూరా తిరిగి ఓట్లడిగినవి. ఎన్నికలు కాగానే వాటి పని అయిపోయింది, తనకు దొరికాయి. మూడు ఆదివారాలు వాటికి దుమ్ము దులిపి, తుప్పు గీకి, వెండి రంగు వేశాడు. వేస్తూ వేస్తూ ఈల వేశాడు కూడా, భార్య తులసి విని నవ్వింది. మూడు ఆదివారాల్లో ఇంజను నడుపుతూ ఒక్కసారి పరీక్ష చేసుకుని ఉంటే ఇప్పుడు ఈ గతి పట్టేదా? రంగు మీద ఉన్న ధ్యాస వైరు మీద లేకపోయింది.

వెండి కాగితం పెట్టాడు. పెట్టె కింద ఇంకో ట్యూబు ముక్క తోశాడు. స్విచ్చి వేశాడు. నెత్తి మీద బాకాలు రెండూ ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు 'ఖర్' మన్నాయి. ఫ్యూజు నిలబడింది! పెంటయ్య పడుకునే చెయ్యి బయటికి చాపి గాల్లో ఊపాడు, ఎవరో "కొరెక్!" అని దీవి భాష క్రియోల్లో అరిచారు, బాగుంది అని. మైకు నోటి దగ్గర పెట్టుకుని ఒకటి రెండు మూడు అన్నాడు. తన గొంతే వెళ్లి దూరాన మిల్లు గోడకు తగిలి తిరిగొచ్చింది. అబ్బ, ఎంత శుభ్రంగా ఉంది. ఒక పలుకు ఇంకో పలుకుతో కలవకుండా, బియ్యంగింజలు విడివిడిగా పోసినట్టు. ఆ సంతోషంలో లేచి కూర్చోబోయి నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకున్నాడు. కొట్టుకుంటే కొట్టుకున్నాడు. తాళం తిప్పి ఇంజను వేశాడు, అంతే, బాకాలు 'కీ...' మని ఏడుపు లంకించుకున్నాయి. గ్యాసు పెడలు నొక్కితే ఏడుపు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. దీపాల దగ్గర నిలబడ్డ ముసలామె ఒకావిడ చెవులు మూసుకుంది. ఇంజను ఆపాడు. ఏడుపు ఆగింది. మళ్లీ వేశాడు. మళ్లీ మొదలు. తల ప్రాణం తోకకొచ్చింది.

తెల్ల పంచె, నల్ల బూట్లు వచ్చి తన కాళ్ల పక్కన నిలబడ్డాయి. జగన్నాథం మాస్టారు. "పెంటయ్యా, ఎనిమిదింపావు."

"వాచీ నా దగ్గరా ఉంది మాస్టారూ."

"కుడివైపు బాకా మీద రంగు కింద ఏదో గుర్తు కనిపిస్తోంది. అమ్మోరు ఏ పార్టీలో చేరింది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెంటయ్యకూ నవ్వొచ్చేదే, ఇంకో రోజయితే. "రెండో పూత వేస్తాను, అతాన్, కాస్త ఆగండి" అన్నాడు పళ్ల మధ్య నుంచి. బూట్లు కదల్లేదు. "ఇంజను ఆపేస్తే పలుకుతోంది కదా. పోనీ మనవాళ్లు బండిని తోస్తారులే, దుస్‌మాన్, మెల్లగా" అన్నాడు మాస్టారు. ఎగతాళికి అన్నాడో సాయానికి అన్నాడో తెలియలేదు, ఆయనతో వచ్చిన చిక్కే అది. ఎగతాళే అయితే తిట్టొచ్చు. రెండు మైళ్లు, అందులో సగం ఎక్కుడు, జనం వెనకనుంచి తోస్తుంటే ముత్యాలమ్మక్క తమ్ముడి బండి కోవెలకు చేరింది అని వచ్చే ఏడాది దాకా చెప్పుకుంటారు. తోయించను. చచ్చినా తోయించను. బూట్లు వెళ్లిపోయాయి.

ఏడుపు ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆలోచించు పెంటయ్యా, మోటారు చప్పుడు విని బేరింగు చెప్పేవాడివి. ఇంజను తిరిగితే డైనమో తిరుగుతుంది, డైనమో వైరు పక్కనే ఆంప్లిఫయరు వైరు ఉంది, ఒకదాని అరుపు ఇంకోదాంట్లోకి దూరుతోంది. డాష్‌బోర్డు వెనక చేతికందిన వైరుకు తగిలించి ఊరుకున్నందుకు శాస్తి. బ్యాటరీ నుంచి వేరే వైరు, నేల వారగా, డైనమోకు దూరంగా తేవాలి. వైరేదీ? ఈ మూర లోతు చీకట్లో పడుకుని వైరేదీ అంటే ఎవరిస్తారు? చీకటి అంటే గుర్తొచ్చింది, ఇలాగే నేల మీద వెల్లకిలా పడుకుని, మంచం కింద తల దూర్చి, కరోల్ తుఫాను రోజున. ఏడేళ్లయింది. రేకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి, గాలి తలుపును కాలితో తన్నుతున్నట్టు తన్నుతోంది, ఇంట్లో పదకొండుమంది. తను ముప్పై ఏడేళ్ల మనిషి, మంచం కింద దూరి వణికాడు, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. అక్క ఒక్కతే గోడకు వీపు ఆనించి కూర్చుని అమ్మోరి పాట ఎత్తుకుంది. గాలి హోరులో పక్కనున్న మనిషి మాట వినపడని ఆ వేళ అక్క పాట వినపడింది. పెరటి అవతల ఇంట్లో ఉన్నవాళ్లు కూడా విన్నామని తరవాత చెప్పారు, విని వాళ్లూ అందుకున్నారట. ఆ గొంతుకు స్పీకరెందుకు? బాకాలెందుకు? ఆ గొంతు విన్నవాళ్లే కదా వీళ్లంతా, మాస్టారుతో సహా, ఏడేళ్లకే మరిచిపోయారు.

అమ్మ పోయినప్పుడు తనకు ఐదేళ్లు, అక్కకు పదిహేడు. అమ్మ మొహం తనకు గుర్తు లేదు. అమ్మ అంటే అక్క గొంతే గుర్తు. తెల్లారకుండా చెరకు కోతకు వెళ్తూ తనను వీపున కట్టుకుని తీసుకెళ్లేది, గట్టున కూర్చోబెట్టేది, చెరకు అక్క తల కంటే ఎత్తు, లోపలికి వెళ్తే కనిపించదు. తను ఏడుస్తాడని పాడుతూ కోసేది. పాట ఎటు వినిపిస్తే అక్క అటు ఉన్నట్టు. దూరంగా వెళ్తే ఇంకా గట్టిగా పాడేది. ఒక్క పాటా కాగితం మీద లేదు, అవ్వ దగ్గర విన్నవి, అవ్వ తన తల్లి దగ్గర, ఆ తల్లి ఓడలో నేర్చుకుందో, ఓడెక్కక ముందు నేర్చుకుందో. మాటలకు అర్థం అడిగితే అక్క నవ్వేది. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, దేవుడి దగ్గరే తెలుగు. జగన్నాథం మాస్టారు ఇప్పుడు ఆ పాటలన్నీ కామిని చేత పుస్తకంలో రాయించాడు. రాయిస్తే రాయించనీ. పుస్తకం తుఫానులో పాడుతుందా?

"ఇదిగో, చచ్చావా బతికున్నావా?" తులసి. పెంటయ్య భార్య నోట్లో మంచిమాట మొదట రాదు, తరవాత వస్తుంది. వైరు కావాలన్నాడు. "ఎంత?" "నాలుగు బారలు." ఆమె వెళ్లి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి కాళ్ల మీద ఏదో పడేసింది. ఇస్త్రీపెట్టె వైరు ఒకటి, టేబులు దీపం వైరు ఒకటి, మొదళ్లకు కోసేసి. "రేపు మడతల చొక్కాతో మిల్లుకు వెళ్లు" అంది. ఆ తరవాత మెల్లగా, "అక్క ఘటం పట్టుకుని వచ్చేసింది. పొద్దున్నించి మిరియాల కషాయం రెండుసార్లు తాగింది" అంది.

కషాయం. ఎందుకు తాగిందో అడగలేదు. రెండు వైర్లనూ ముడివేసి, ముడిమీద టేపు చుట్టి, నేల వారగా తోస్తున్నాడు, తోస్తున్నాడు, అది ఎక్కడో తట్టుకుంటోంది. మొన్నటి చలికాలం అక్కకు దగ్గు పట్టింది. ఆరు వారాలు పట్టింది. తగ్గిపోయింది, డాక్టరు కూడా తగ్గిందన్నాడు. తరవాత ఒక సాయంత్రం పక్కనున్న అక్క గదిలోంచి సన్నగా ఏదో పాట వినిపిస్తే ఎవరో పిల్ల నేర్చుకోవడానికి వచ్చిందనుకున్నాడు, వెళ్లి చూస్తే అక్క ఒక్కతే ఉంది. రేకుల మీద వాన పడుతోంది, అందుకని అలా వినపడింది. వాన గట్టిగానే పడుతోందా ఆ రోజు? తట్టుకుంటోంది వైరు, లాగకూడదు, లాగితే ముడి ఊడుతుంది. పడే ఉంటుంది. పడకపోతే ఎందుకలా వినపడుతుంది? ఛీ, ఈ వైరు. అదుగో, దూరింది. మూడేళ్లుగా గరగర స్పీకరుదే. గంజిది. అట్టది. తను చెవులున్న మనిషి, బేరింగు చప్పుడు చెప్పగలిగినవాడు, అక్క గొంతులో ఏదైనా ఉంటే తనకు తెలియదా? తెలిసే ఉంటే ఇన్ని తిప్పలెందుకు పడతాడు? మోకాలు సీటు మూలకు కొట్టుకుంది, నోట్లోంచి బూతు వచ్చింది, అమ్మోరి ముందు బూతేమిటని లెంపలేసుకోబోతే చేతులు రెండూ పైన ఇరుక్కుపోయి ఉన్నాయి.

ఎనిమిదీ నలభై. వైరు బ్యాటరీకి బిగించాడు. తాళం తిప్పాడు. ఇంజను పందొమ్మిదేళ్ల దగ్గు దగ్గి అందుకుంది. బాకాలు మాట్లాడలేదు. గ్యాసు నొక్కాడు. ఏడుపు లేదు. ఇంకా నొక్కాడు. లేదు! పెంటయ్య బండి దిగి నిలబడ్డాడు, చొక్కా వీపంతా మట్టి, నుదుటి మీద బొప్పి, చేతులు నలుపు, కళ్లలో నీళ్లు తిరిగాయి, చెమట అనుకుని తుడుచుకున్నాడు. అరగంట కిందట ఎంత మండిందో అంత చల్లబడింది ఒళ్లు. జనంలో మాస్టారు ఎక్కడున్నాడో వెతికి, చూసి, కావాలనే చూపు తిప్పుకున్నాడు. "అక్కా, వీనీ, రా" అని పిలిచాడు.

ముత్యాలమ్మ కొత్త పసుపు చీరలో, తల మీది ఘటం తులసికి అందించి, బండి వెనక ఎక్కింది. సన్నటి మనిషి, యాభై ఆరేళ్లు, చెరకు కోసిన చేతులు ఇంకా మొరటుగానే ఉన్నాయి. తమ్ముడి నుదుటి బొప్పిని చూసి, వేలితో అదిమి, "నూనె రాసుకో" అంది. మైకు చేతికిచ్చాడు. "ఒక్క ముక్క పాడు అక్కా, చూద్దాం. గట్టిగా అక్కర్లేదు, మామూలుగా పాడు, మిగతాది ఇది చూసుకుంటుంది." ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో ఎంత గర్వముందో రోడ్డవతల ఉన్నవాళ్లకు కూడా తెలిసింది. అక్క కళ్లు మూసుకుంది. అమ్మోరిని గడపలోకి పిలిచే మొదటి ముక్క ఎత్తుకుంది.

బాకాలు ఏదీ దాచలేదు. గంజి లేదు, అట్ట లేదు, చినుకు లేదు. అక్క గొంతు ఉన్నది ఉన్నట్టుగా వెళ్లి మిల్లు గోడకు తగిలి తిరిగొచ్చింది. పై స్థాయికి వెళ్లబోయి అందక జారిపోవడం, రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకోవడం, ఆ ఊపిరిలో పిల్లికూత, పాట నిలబడవలసిన చోట సన్నగా వణికి ఇంకో చోట నిలబడటం. వీధి వీధంతా విన్నది. ఘటాలెత్తుకున్న ఆడవాళ్లు కదలకుండా నిలబడ్డారు. కామిని తన పాదాలవైపు చూసుకుంది. జగన్నాథం మాస్టారు కళ్లజోడు తీసి పంచెతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఆయన మొహంలో గెలిచిన సంతోషం లేదు, ఉంటే పెంటయ్యకు సుఖంగా ఉండేది. అక్క రెండో ముక్క సగంలో ఆగింది. కళ్లు తెరిచి తల పైకెత్తి బాకాల నోళ్లకేసి చూసింది. ముప్పై ఏళ్లుగా పాడుతున్న మనిషి తన పాట గరగర లేకుండా బయటినుంచి వినడం ఇదే మొదలు. చెయ్యి మెల్లగా గొంతు మీదికి వెళ్లింది. "ఇట్టా ఉందా?" అంది. మైకు నోటి దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోయింది, ఆ మాట కూడా అందరికీ వినపడింది.

పెంటయ్యకు తెలుసు. ఇప్పుడు కాదు, చలికాలం నుంచీ కాదు, మూడేళ్లుగా తెలుసు. తెలిసే ఆ చిరిగిన అట్టను మార్చకుండా గంజి అంటిస్తూ వచ్చాడు, తెలిసే కమిటీలో లేచాడు, గొంతు చిన్నదయితే స్పీకరు పెద్దది పెడితే సరిపోతుందనుకున్నాడు. బండి వైపు రెండంగల్లో వెళ్లి, తలుపు తెరిచి, అంతసేపు ప్రాణం పెట్టి తెచ్చిన వైరును ఒక్క లాగుతో పీకేశాడు. బాకాలు చచ్చాయి. "పా బొన్! బాగోలేదు, ఇది పనికిరాదు" అని అరిచాడు జనం వైపు తిరిగి. "నా తప్పు. వైరు తిరగేశాను. ఇంగ్లీషు బండికి ఫ్రెంచి మిషను పెట్టాను, గొంతును నలిపేస్తోంది. మనిషి గొంతు కాదది, మిషను గొంతు. నాకు పని రాదు, చాతకాని పని చేశాను." ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "మూడు ఆదివారాలు రంగేశాడు" అన్నారు, అప్పుడు అందరూ నవ్వారు, ఊపిరి వదిలినట్టుగా. ఇరవై ఏళ్లలో తన పని చూసి ఊళ్లో ఎవరూ నవ్వలేదు. నవ్వనీ. ఇంకా నవ్వండి. మిల్లులో కూడా చెప్పుకోండి. అతని చేతిలో ఇస్త్రీపెట్టె వైరు వేలాడుతోంది.

ముత్యాలమ్మ బండి దిగింది. దిగడానికి తమ్ముడి భుజం పట్టుకుంది, దిగాక వదలలేదు. ఐదో ఏట నుంచి పెంచిన మనిషి, వాడు ఎప్పుడు అబద్ధమాడినా కుడి చెవి ఎర్రబడుతుందని ఆమెకు తెలుసు. ఆ చెవివైపు చూసింది. తరవాత జనంవైపు తిరిగింది.

"మావాడు రెండు నిమిషాల్లో బాగు చేసేస్తాడు. పొద్దున్నించి కషాయాలు తాగి నా గొంతు ఆరిపోయింది. కామినీ, ఎక్కు తల్లీ. ఈ ఏడు నువ్వెత్తుకో."

"అత్తా, నేను..." కామిని వెనక్కి జరిగింది.

"ఎక్కమంటున్నానా. పుస్తకం ఉందిగా? చాలు."

పెంటయ్య గొంతు తగ్గించి, "అక్కా, అవదు. పాడైపోయింది. నిజంగా పాడైపోయింది" అన్నాడు. అక్క అతని చేతిలోంచి వైరు కొస తీసుకుని, మళ్లీ అతని చేతిలోనే పెట్టి, వేళ్లు మూసింది. "కట్టు నాన్నా" అంది, చిన్నప్పుడు చొక్కా బొత్తాములు పెట్టుకోమన్నట్టు. "టైమవుతోంది."

మళ్లీ వెల్లకిలా పడుకున్నాడు. తల డాష్‌బోర్డు కింద, కాళ్లు రోడ్డు మీద. ఇప్పుడు ఎవరూ కాళ్లను పలకరించలేదు. పొద్దున్నించి ప్రతి ముడీ ఊడింది, ప్రతి ఫ్యూజూ పోయింది, ప్రతి మరా చేయిజారింది, ఇప్పుడూ ఒక్కటి పోతే చాలు. ఒక్కటి. ఆ వెండి కాగితం ముక్క కాలిపోతే చాలు, ట్యూబు ముక్క జరిగి ఇనుము తగిలితే చాలు, తనేం చేయక్కర్లేదు, అదే పోయిందని చెప్పొచ్చు. కావాలని చెడగొట్టడానికి చెయ్యి రాలేదు. ఆ చేతికి అలవాటు లేదు. వైరు కొస మర చుట్టూ తిప్పి, బిగించి, స్విచ్చి వేసి, కళ్లు మూసుకున్నాడు. మొదటిసారికే పలికింది. ఇంజను వేశాడు. ఏడుపు లేదు, గరగర లేదు, ఏమీ లేదు. ఇరవై ఏళ్లలో అంత మంచి పని అతను చేయలేదు.

తొమ్మిది దాటి నాలుగు నిమిషాలకు క్యామ్యోనెట్ కదిలింది, మనిషి నడిచేంత మెల్లగా, మొదటి గేరులో. వెనక కామిని లేత గొంతు లేచింది, మొదటి రెండు ముక్కలు భయంతో వణికి, మూడో ముక్కకు నిలదొక్కుకుంది, బాకాల్లోంచి చెరకు మీదుగా వెళ్లింది. చీనా దుకాణం దగ్గర జనం బయటికొచ్చి చూస్తున్నారు. మిల్లు గేటు దగ్గర కాపలావాడు లేచి నిలబడ్డాడు. వెనకున్న ఆఖరి మనిషి కూడా అందుకుంటున్నాడు. ముత్యాలమ్మ తల మీద ఘటంతో బండి పక్కనే, పెంటయ్య కిటికీకి ఆనుకున్నట్టుగా నడుస్తోంది, ఒక చెయ్యి తలుపు మీద ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. పాడుతోంది. పెంటయ్య అద్దం పూర్తిగా దించాడు, తల బయటికి పెట్టాడు, చెవి ఆమె వైపు తిప్పాడు. అక్క చేతికందేంత దగ్గర్లో ఉంది. నెత్తి మీద తను కట్టిన బాకాలు మోగుతున్నాయి, అక్క పాట అతనికి ఒక్క ముక్క వినపడలేదు.